జున్నుకి పొట్ట కింద ఉండలు కట్టాయి. పిల్లిని భయపెట్టకుండా గ్రూమింగ్ చేసేవాళ్లు మీకెలా దొరికారు?

జున్నువాళ్లమ్మ (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. మా జున్ను తెల్ల పర్షియన్, మూడేళ్లది. జనవరిలో నాకు చెయ్యి విరిగి రెండు నెలలు దాన్ని దువ్వలేకపోయాను. ఆ రెండు నెలల్లోనే పొట్ట కింద, చంకల్లో, చెవుల వెనక బొచ్చంతా ఉండలు కట్టేసింది. తడిమితే కొబ్బరిపీచు ముద్దలా తగులుతోంది. ఎత్తుకుంటే చర్మం లాగుతుందేమో, అరుస్తోంది.

దగ్గర్లో ఉన్న ఒక సెలూన్‌కి తీసుకెళ్లాం. కుక్కలకీ పిల్లులకీ ఒకటే గది. నన్ను బయట కూర్చోమన్నారు. పది నిమిషాలు కాకముందే లోపల్నుంచి ఒక అరుపు. జున్ను గొంతని పోల్చుకోవడానికే నాకు కాసేపు పట్టింది. తలుపు తోసుకుని వెళ్లి చూస్తే, ఒకాయన మెడ మీద చర్మం పట్టుకుని బల్లకి అదిమి ఉంచాడు, ఇంకొకాయన కాళ్లు పట్టుకున్నాడు. పక్క బల్ల మీద కుక్కకి బ్లోయర్ హోరుమని నడుస్తోంది. జున్ను నోరు తెరిచి రొప్పుతోంది. ఆపేయమని చెప్పి తెచ్చేసుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే కుడి చంకలో గాటు. ఉండని కత్తెరతో కోయబోయి చర్మం కోసేశారు. రెండు కుట్లు పడ్డాయి.

ఉండలు ఇంకా సగం అలాగే ఉన్నాయి. పిల్లిని పెట్టి తీసుకెళ్లే క్యారియర్ కనపడితే చాలు, మంచం కిందకి దూరిపోతోంది. ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే నాకే టెన్షన్. మంచి గ్రూమర్‌ని ఎలా గుర్తుపట్టాలి? ముందే ఏం అడగాలి? మీ అనుభవాలు చెప్పండి.

బెజవాడ పండు

అయ్యో, చదువుతుంటేనే కడుపు తరుక్కుపోయింది. మా పండుకి కూడా ఇలాగే అయ్యాక ఇంటికొచ్చి చేసే అమ్మాయిని పెట్టుకున్నాం. ఫోన్‌లో ఒకటే అడిగాను: "మధ్యలో పిల్లి ఒప్పుకోకపోతే ఏం చేస్తారు?" ముందు మాట్లాడిన ఇద్దరూ "పట్టుకుంటాం మేడం, మీరేం కంగారుపడకండి" అన్నారు. ఈ అమ్మాయి మాత్రం "ఆపేస్తాను, ఇంకో రోజు వస్తాను" అంది. ఆవిడనే పిలిచాం.

టీకాల కార్డు కూడా చూపించమంటుంది. రేబిస్ టీకా వేయించకపోతే రానంటుంది. అది మంచి గుర్తేనని నా ఉద్దేశం. తను వెళ్లే ఇళ్లలో మిగతా పిల్లుల కార్డులూ చూసే ఉంటుంది కదా.

అలల ఊరి గ్రూమర్ (విశాఖ)

నేను ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మొదటి మూడేళ్లు కుక్కలకి, తర్వాత నుంచి ఎక్కువగా పిల్లులకి. జున్నువాళ్లమ్మ గారూ, ఉండ దగ్గర కత్తెర అసలు పెట్టకూడదు. పిల్లి చర్మం చాలా పలచన, వదులు. బొచ్చు ఉండ కట్టినప్పుడు కింది చర్మాన్ని కూడా గుడారంలా పైకి లాగేస్తుంది. ఎక్కడ బొచ్చు అయిపోయిందో, ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. చంకలోనూ వెనక తొడల దగ్గరా చర్మం మడతలుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ప్రమాదం.

చేయాల్సింది బొచ్చు గొరిగే మెషిన్‌తో. 10 నంబర్ బ్లేడు, చర్మానికి సమాంతరంగా పడుకోబెట్టి, రెండో చేత్తో చర్మాన్ని సాపుగా పరిచి పట్టుకుని, ఉండకీ చర్మానికీ మధ్య మెల్లగా నడపాలి. బ్లేడు కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. నేను మాటిమాటికీ నా మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుంటాను. చురుక్కుమంటే పక్కన పెట్టేసి రెండో బ్లేడు తీసుకుంటాను. మీరు వెళ్లే చోట బ్లేడు మారుస్తున్నారో లేదో గమనించండి.

ఇంకో మాట. ఉండలు ఉండగా స్నానం చేయించొద్దు. తడిస్తే ఆ ముద్ద ఇంకా బిగుసుకుపోతుంది. ముందు ఉండలు తీయాలి, తర్వాతే నీళ్లు.

ఒకే పూటలో అంతా అయిపోవాలని కూడా అనుకోకండి. నేను ఒక విడతకి 20 నిమిషాలే పెట్టుకుంటాను. తోక కొట్టడం మొదలవుతుంది, చెవులు పక్కకి వాలుతాయి, వీపు మీద చర్మం అలలా కదులుతుంది. ఇవన్నీ కరవడానికి ముందు పిల్లి చెప్పే మాటలు. అక్కడే చెయ్యి తీసేస్తే కరవాల్సిన అవసరం దానికి రాదు. నోరు తెరిచి రొప్పేదాకా వచ్చిందంటే అప్పటికే చాలా దూరం పోయింది. కుక్క రొప్పితే మామూలే, పిల్లి రొప్పితే మామూలు కాదు.

సగం బొచ్చుతో, వంకరటింకరగా ఉన్న పిల్లిని వెనక్కి పంపడం నాకు చిన్నతనం కాదు. ఓనర్లు కొందరు కోప్పడతారు, "డబ్బు మొత్తం తీసుకుని సగమే చేశారు" అని. అందుకే విడతకింత అని ముందే చెప్పేస్తాను.

ఏలూరు పశువైద్యుడు

గన్నవరం కాలేజీలో చదివాను, ఇప్పుడు సొంత ప్రాక్టీస్. పైన గ్రూమర్ గారు చెప్పినదంతా అక్షరాలా నిజం. నా వంతుగా కొన్ని.

మెడ చర్మం పట్టి అదమడం గురించి: పిల్ల తల్లి నోట్లో ఉన్నప్పుడు కదలకుండా ఉంటుంది కదా అని చాలామంది ఇలా చేస్తారు. పెద్ద పిల్లి కదలకపోతే అది భయంతో బిగుసుకుపోవడమే, శాంతించడం కాదు. పిల్లుల వైద్యులు 2022లో ఇచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇలా పట్టొద్దనే చెబుతున్నాయి. తువ్వాల్లో వదులుగా చుట్టి, తల దాచుకోనిచ్చి, ఒక్కో కాలే బయటికి తీస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

మత్తు గురించి: సెలూన్‌లో ఎవరైనా "చిన్న మాత్ర వేస్తాం, పడుకుంటుంది" అంటే వెంటనే పిల్లిని తీసుకుని వచ్చేయండి. పర్షియన్లలో గుండె కండరం మందమయ్యే జబ్బు ఉంటుంది, పైకి ఏమీ కనపడదు. గుండె వినకుండా, అవసరమైతే రక్త పరీక్ష చేయకుండా మత్తు ఇవ్వకూడదు. బాగా భయపడే పిల్లులకి ఇంటి దగ్గరే రెండు మూడు గంటల ముందు వేయడానికి గాబాపెంటిన్ రాస్తాం. అది కూడా బరువు, కిడ్నీలు చూసి. డోసు ఇక్కడ రాయను, మీ డాక్టర్‌నే అడగండి.

స్నానం నీళ్లలో యాంటీసెప్టిక్ లోషన్ పోసే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. నీళ్లలో పోస్తే తెల్లగా మారుతుందే, అది. పిల్లి కాలేయం దాన్ని విరచలేదు. ఒళ్లు నాక్కున్నప్పుడు కడుపులోకి పోతుంది. నా దగ్గరికి నోట్లో పుళ్లతో, చొంగ కార్చుకుంటూ వచ్చిన పిల్లులున్నాయి. కుక్కల పిడుదులకి మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కలు ఇంకా ప్రమాదం, ఒళ్లంతా వణికి ఫిట్స్ వస్తాయి. కుక్కలకీ పిల్లులకీ ఒకేచోట చేసే దగ్గర ఏ షాంపూ వాడుతున్నారో సీసా చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

గుంటూరు తాతయ్య

మాది నాటుపిల్లి, పేరు బెల్లం, 14 ఏళ్లు. నాటుపిల్లికి గ్రూమింగ్ ఏంటని మా అబ్బాయి నవ్వాడు. రెండేళ్ల నుంచి నడుము దగ్గర బొచ్చు జిడ్డుగా, పాయలు పాయలుగా తేలుతోంది. ముసలితనంలో కీళ్లనొప్పుల వల్ల వెనక్కి వంగి నాక్కోలేకపోతోందని డాక్టరు చెప్పాడు. గోళ్లు కూడా గుండ్రంగా తిరిగి అరికాలి మెత్తలోకి దిగుతున్నాయి. ఇప్పుడు నెలకొకసారి ఒకబ్బాయి వచ్చి గోళ్లు తీసి, తడిగుడ్డతో తుడిచి, పేలదువ్వెనతో దువ్వి వెళ్తాడు. బెల్లాన్ని బల్ల ఎక్కించడు, నా ఒళ్లోనే చేస్తాడు. గోటిలో గులాబీరంగు కనపడే చోటికి రాకుండా కొసే తీస్తాడు. పది నిమిషాల పని. ముసలి పిల్లులున్న వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండమ్మా.

ఓరుగల్లు మియావ్

మేం ప్రతి ఏప్రిల్‌లో లయన్ కట్ చేయిస్తాం. తల, తోక కుచ్చు వదిలేసి మిగతాదంతా తీసేయడమే. వరంగల్ ఎండలకి పాపం ఉడికిపోతుంది కదా. మీరూ అదే చేయించెయ్యండి అక్కా, ఉండల గొడవే ఉండదు.

అలల ఊరి గ్రూమర్ (విశాఖ)

తమ్ముడూ, ఒళ్లంతా ఉండలైపోయినప్పుడు నేనూ అదే చేస్తాను, తప్పదు. కానీ ఎండాకాలం వచ్చిందని ప్రతిసారీ వద్దంటాను. జున్ను తెల్లది. తెల్ల పిల్లుల చర్మానికి ఎండ అసలు పడదు, బాల్కనీలో పడుకునే పిల్లయితే మరీను. బొచ్చు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. సయామీ జాతికైతే గొరిగిన చోట ముదురు రంగులో వస్తుంది, చర్మం చల్లబడితే ఆ రంగు ముదురుతుంది కాబట్టి. ఎండకి ఫ్యాను, నీళ్లు, చల్లటి గచ్చు, రోజూ దువ్వడం. రాలిన బొచ్చు లోపల ఇరుక్కోకుండా ఉంటే గాలి ఆడుతుంది.

డాలస్ లక్ష్మి

ఇక్కడ పిల్లులకే చేసే గ్రూమర్లున్నారు. మేం వెళ్లేచోట ఒక్కావిడే, ఒకసారికి ఒక్క పిల్లే, కుక్క గడప తొక్కదు. నేషనల్ క్యాట్ గ్రూమర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంటుంది. కానీ నాకు నచ్చింది సర్టిఫికెట్ కాదు. బ్లోయర్ దూరం నుంచి తక్కువ స్పీడులో మొదలుపెట్టి, చెవులకి మెత్తటి బట్ట పట్టీ వేస్తుంది. మనకి వినపడేవాటికంటే మూడింతలు కీచు శబ్దాలు కూడా వినే చెవులవి అంటుంది. బోనులో పెట్టి వేడిగాలి వదలడం అసలు చేయదు. పర్షియన్‌కి ముక్కు చప్పిడి కదా, ఊపిరాడదు.

క్యారియర్ భయానికి మాకు పనిచేసింది చెప్తాను. పై మూత తీసేసి, మా అమ్మ పాత నూలు చీర పరిచి హాల్లో వదిలేశాను. అన్నం అందులోనే. రెండు వారాలకి అదే దాని పడక అయింది.

జున్నువాళ్లమ్మ (కూకట్‌పల్లి)

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. ముందు ఏలూరు డాక్టర్ గారు చెప్పినట్టు ఇక్కడి డాక్టర్‌కి చూపించి గుండె విన్పించాం, బాగానే ఉందన్నారు. కుట్లు ఆరేదాకా ఆగాం. బెజవాడ పండు గారు అడిగిన ప్రశ్నే ఫోన్‌లో నలుగురిని అడిగాను. నాలుగో ఆవిడ "ముందు ఒకసారి వచ్చి ఊరికే కూర్చుంటాను" అన్నారు.

నిజంగా అలాగే కూర్చున్నారు. గచ్చు మీద, జున్నుకి వీపు తిప్పి, పావుగంట. జున్నే వచ్చి సంచీ వాసన చూసింది. మెషిన్ ఆన్ చేసి పక్కగదిలో పెట్టారు, తర్వాత గుమ్మంలో, తర్వాత పక్కన. మొదటిరోజు ఎడమ చంకలో ఒక్క ఉండే తీశారు. తీసి నా అరచేతిలో పెట్టారు. నిమ్మకాయంత ఉంది, బూడిదరంగు, లోపల చుండ్రు పొట్టు. దాని కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఇది వేసుకుని నా పిల్ల రెండు నెలలు నడిచింది.

మూడు విడతల్లో పొట్ట, చంకలు అయిపోయాయి. కుడి చంక దగ్గరికి చెయ్యి వెళ్తే మాత్రం ఇంకా బుస కొడుతోంది, ఆవిడ వెంటనే చెయ్యి తీసేస్తున్నారు. అక్కడ చిన్న ఉండ ఒకటి, ఎడమ చెవి వెనక ఒకటి మిగిలాయి. వచ్చే శనివారం చెవిది చేద్దామన్నారు. నేనిప్పుడు రోజూ రాత్రి అన్నం పెట్టాక ఐదు నిమిషాలు దువ్వుతున్నాను. అందరికీ చేతులెత్తి దండం.

అలల ఊరి గ్రూమర్ (విశాఖ)

చాలా సంతోషంగా ఉందమ్మా. శనివారం చెవి వెనక చేసేటప్పుడు చెవి లోపల కూడా ఒకసారి చూడమనండి. కాఫీపొడిలా నల్లగా ఉంటే చెవి పురుగులు అయ్యుండొచ్చు. వాటికి దురద పెట్టి గోక్కోవడం వల్ల కూడా అక్కడ ఉండలు కడతాయి. అలా ఉంటే ఆ రోజు ఉండ వదిలేసి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.