“నిర్దోషి అని తేలితేనే బెయిల్”: మకోకా వార్తల్లో ఈ వాక్యం సరైనదేనా?

ప్రశ్న:
మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం (మకోకా, 1999) కేసుల్లో “నిర్దోషి అని తేలితేనే బెయిల్” అని పత్రికలు రాస్తున్నాయి. సెక్షన్ 21(4) అంటున్నది ఇదేనా? తెలుగులో ఎలా రాస్తే సరిపోతుంది?

జవాబు:
ఇది కాదండి. తేలడం తీర్పు నాటి మాట. బెయిల్ నాటికి సాక్షుల్ని ఇంకా విచారించనే లేదు, తేలడానికి ఏముంటుంది? సెక్షన్ ప్రకారం కోర్టు చూడాల్సినవి రెండు: నిందితుడు ఆ నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు కనిపించాలి, బయట ఉండగా నేరం చేసే అవకాశం లేదనిపించాలి. రెండూ ఉండాలి, ఒకటి చాలదు.

2005లో రంజిత్‌సింగ్ బ్రహ్మజీత్‌సింగ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే విడమరిచింది. నేరం చేయలేదని బెయిల్ దశలోనే నిర్ధారించాలంటే ఇక ఎవరికీ బెయిల్ దొరకదు. అందుకే స్థూలంగా ఏది సంభవమో చూస్తే చాలంది. రెండో షరతులోని “నేరం” కూడా ఏదో ఒక చిన్న నేరం కాదు, ఈ చట్టం కిందకు వచ్చే నేరం అని అర్థం చెప్పింది. కనుక “మరే నేరమూ చేయడని” అన్న అనువాదమూ దారి తప్పిస్తుంది.

మరొకరు:
ఇంకో ముక్క జారిపోతోంది. ఈ రెండు షరతులు పబ్లిక్ ప్రాసిక్యూటర్ బెయిల్‌ను వ్యతిరేకించినప్పుడే అడ్డం వస్తాయి. ముందు ఆయనకు వ్యతిరేకించే అవకాశం ఇవ్వాలి, అది వేరే మెట్టు. “ప్రాసిక్యూటర్ వ్యతిరేకిస్తే” అనే మాట వాక్యంలో ఉండి తీరాలి.

21(5) గురించి కూడా చూసి రాయండి. నేరం జరిగిన రోజున “ఏ ఇతర చట్టం కింద” బెయిల్‌పై ఉన్నా మళ్లీ బెయిల్ ఇవ్వరాదన్న పదాలు ఇప్పుడు చెల్లవు. భరత్ శాంతిలాల్ షా కేసులో 2008లో సుప్రీంకోర్టు వాటి కొట్టివేతను సమర్థించింది. ఈ చట్టం కిందే ముందు బెయిల్‌పై ఉన్నవారికి మాత్రం ఆ నిషేధం ఉంది. పాత అనువాదాన్ని ఎత్తి రాసేవారు ఇక్కడే తప్పుతున్నారు.

ఇంకొకరు:
వార్తల్లో “విచారణకు 180 రోజుల గడువు” అని రాయడం మరీ ఇబ్బందికరం. అది దర్యాప్తు గడువు. పోలీసుల పని దర్యాప్తు, కోర్టు పని విచారణ, ప్రశ్నించడం వేరు. మూడింటికీ ఒకే మాట వాడడం వల్లే ఈ గందరగోళం. గడువు మొదట 90 రోజులే. ప్రాసిక్యూటర్ నివేదిక ఇస్తే ప్రత్యేక కోర్టు 180 దాకా పొడిగించవచ్చు. ఆ నివేదికలో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, ఇంకా కస్టడీ ఎందుకు కావాలో నిర్దిష్టంగా ఉండాలి. దర్యాప్తు అధికారి కాగితానికి సంతకం చేసి పంపితే ప్రాసిక్యూటర్ పోస్టాఫీసు అయినట్టేనని 1994లో, అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద వచ్చిన హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది ఇందుకే.

పొడిగింపు రాకుండా, ఛార్జిషీట్ పడకుండా గడువు దాటితే డిఫాల్ట్ బెయిల్ హక్కు. దీనికి 21(4) షరతులు వర్తించవు. కానీ దరఖాస్తు వేయాలి. దానికంటే ముందు ఛార్జిషీట్ దాఖలైతే హక్కు పోతుంది. రిమాండ్ చేసిన రోజునూ లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క రోజు తేడాతో కేసు తలకిందులవుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒక చేర్పు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 111 కూడా వ్యవస్థీకృత నేరం గురించే. అందులో మకోకా లాంటి రెండు షరతుల బెయిల్ నిబంధన లేదు. మామూలు బెయిల్ సెక్షన్లే. మకోకాలో ముందస్తు బెయిల్ కుదరదు, 111 కింద అడగవచ్చు. కాబట్టి ఏ చట్టమో రాయకుండా “వ్యవస్థీకృత నేరం కేసులో బెయిల్ కష్టం” అనకండి.

మకోకా వార్తకైతే వాక్యం ఇలా ఉండవచ్చు: “ప్రాసిక్యూటర్ వ్యతిరేకించినప్పుడు, నిందితుడు నేరం చేయలేదని నమ్మదగిన కారణాలున్నాయని, బయటకొచ్చాక ఈ చట్టం కింద నేరం చేయడని కోర్టుకు అనిపిస్తేనే బెయిల్.” శీర్షికకు పొడవే, వార్తలో పట్టదా?

ప్రశ్న వేసినవారు:
పడుతుందండి. శీర్షికలో “బెయిల్‌కు రెండు షరతులు” అని పెట్టి, ఈ వాక్యం మొదటి పేరాలో ఇస్తాను.