రీయూనియన్ దీవిలో సామాన్లతో సైకిల్ టూర్: ఏ వైపు నుంచి తిరగాలి, ఏ కొండ వదిలేయాలి?

ప్యానియర్ ప్రసాద్

ఆగస్టులో తొమ్మిది రోజులు హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రెంచి దీవి రీయూనియన్‌లో తొక్కుదామని నేనూ మా బావమరిదీ టికెట్లు తీసేశాం. మ్యాప్‌లో దీవి చుట్టుకొలత సుమారు 210 కిలోమీటర్లు. ఏముందిలే, మూడు రోజుల పని అనుకున్నా. తర్వాత ఎత్తులు చూశాను. అగ్నిపర్వతం అంచుకి పోయే రోడ్డు ఏకంగా 2,311 మీటర్ల దగ్గర ఆగుతుంది. అప్పట్నుంచి కాస్త టెన్షన్‌గానే ఉంది.

మా ప్లాన్: రాజధాని సాన్ దెనీలో బయల్దేరి తూర్పు తీరం మీదుగా ఒక చుట్టు, మధ్యలో సిలావోస్ అనే కొండ ఊరు, అగ్నిపర్వతం, మాఫాత్ లోయ పైనుంచి చూసే మాయిదో కొండ అంచు. స్టీల్ ఫ్రేమ్, 38 మిల్లీమీటర్ల టైర్లు, చక్రం అంచుని (రిమ్‌ని) పట్టి ఆపే రిమ్ బ్రేకులు, వెనక రెండు సంచుల్లో పదహారు కిలోలు. ఏ వైపు నుంచి తిరిగితే మేలు? సామాన్లతో పైదాకా ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

(బోర్డుల మీద సెయింట్ అని కనిపించేదాన్ని అక్కడ ‘సాన్’ అంటారట, అలాగే రాస్తున్నా.)

ఘాట్ రోడ్ గిరి

ప్రసాద్ గారూ, ముందు ఆ 210ని మర్చిపోండి. సాన్ పియేర్ నుంచి అగ్నిపర్వతం వైపు ఎక్కే రోడ్డులో ఊళ్ళ పేర్లే కిలోమీటర్లు. పద్నాలుగోది, ఇరవైమూడోది, ఇరవైఏడోది అని పిలుస్తారు. ఇరవైఏడోది అంటే బూర్ మురా. సముద్రం ఒడ్డున మొదలుపెట్టి అక్కడికి చేరేసరికే పదిహేను వందల మీటర్ల పైన ఉంటారు. కొస అంచు అక్కడి నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్ల పైమాటే.

ఇక గాలి. మీరు వెళ్ళే నెలల్లో ఆగ్నేయం నుంచి గట్టిగా వీస్తుంది. మీ ప్లాన్ ప్రకారం తూర్పు తీరం వెంట సాంత్ రోజ్ వైపు దిగుతుంటే గాలి మొహానికి కొడుతుంది. సాన్ ఫిలిప్ దాటి పడమటికి తిరిగాక వీపు మీద చెయ్యేసి తోస్తుంది. మేం దీనికి ఎదురు తిరిగాం. సాన్ పియేర్ నుంచి సాన్ ఫిలిప్ దాకా ఒక పూటంతా తల వంచుకుని తొక్కాం, ఆ తర్వాత సుఖం. ఇంకోటి, అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. మాలాగా తిరిగితే మీరు సముద్రం పక్కన ఉంటారు, ఫొటోకి ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు.

పడమట 2009లో తెరిచిన తమారిన్ హైవే సైకిళ్ళకు కాదు. దాని కింద సాన్ జిల్, సాన్ లో మీదుగా పోయే పాత తీరపు రోడ్డు పట్టుకోండి. సాన్ దెనీ నుంచి లా పొసెస్యోఁకి కూడా తీరం హైవే మాట మర్చిపోయి లా మోంతాన్ అనే పాత కొండరోడ్డు ఎక్కండి. మొదటి రోజే చెమటలు పడతాయి, కానీ ప్రశాంతంగా ఉంటుంది.

సముద్రమట్టం

చిన్న మాట. అది ఫ్రాన్సే, యూరోలే నడుస్తాయి, కానీ యూరప్ దేశాల ఉమ్మడి వీసా ఉంది చూడండి, ఆ షెంగెన్ పరిధిలోకి రాదు. షెంగెన్ వీసా ఉంది కదా అని ఊరుకోకండి, రీయూనియన్‌కి చెల్లే వీసా విడిగా చూసుకోండి.

నెమ్మది చక్రం

నేను ఒక్కదాన్నే వెళ్ళాను, పన్నెండు రోజులు. గిరి గారు చెప్పిన గాలి లెక్క కరెక్టే గానీ, నన్నడిగితే ఆ దీవిని చుట్టుగా చూడటమే తప్పు. చెయ్యి చాపి పెడితే వేళ్ళు ఎలా ఉంటాయో మంచి రోడ్లన్నీ అలా ఉంటాయి. ఎక్కాలి, చూడాలి, వచ్చిన దారినే దిగాలి. మాఫాత్ లోయకైతే అసలు రోడ్డే లేదు, అక్కడి వాళ్ళకి సరుకులు హెలికాప్టర్‌లో వస్తాయి. కాబట్టి తీరంలో రెండు చోట్ల గది తీసుకుని, సామాను అక్కడ పడేసి, చిన్న సంచితో పైకి పోండి.

సిలావోస్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు బాగా గుర్తుండిపోయింది అదే. సాన్ లూయీ నుంచి సుమారు 35 కిలోమీటర్లు, ఊరు 1,200 మీటర్ల ఎత్తులో. 1932లో వేసిన రోడ్డు. నాలుగు వందల మలుపులంటారు. నేను ఎనభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఒక మలుపులో రోడ్డు తన కిందనుంచి తానే దూరి పైకి వస్తుంది, చిన్నపిల్లలు వేసిన బొమ్మలాగా. అసలు ఇబ్బంది ఎక్కుడు కాదు, సొరంగాలు. ఒక్క బండి పట్టేంత సన్నగా, కొండని చెక్కినట్టుగా, లోపల గోడలు తడిగా ఉంటాయి. నేను ఒకదాని ముందు ఆగి, ముందూ వెనకా లైట్లు వేసి, చెవి పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు. సగం దూరం పోయాక అవతలి మూతి దగ్గర బస్సు హారన్ కొట్టింది. దిగి గోడకి అతుక్కుని నిలబడ్డాను, సైకిల్ కూడా ఎత్తి పట్టుకుని. డ్రైవర్ నన్ను చూసి ఇంజన్ ఆపేసి, లోపలికి రాకుండా చెయ్యి ఊపాడు, రా రా అని. నేను తోసుకుంటూ బయటపడే దాకా అలాగే ఉన్నాడు.

రిఫ్లెక్టివ్ జాకెట్ పెట్టుకోండి. ఊరి బయట రాత్రి గానీ, వెలుతురు తక్కువ ఉన్నప్పుడు గానీ అది చట్టప్రకారం తప్పనిసరి. వాన గట్టిగా పడ్డ మర్నాడు ఆ రోడ్డు ఎక్కొద్దు, రాళ్ళు జారతాయి, ఒక్కోసారి మూసేస్తారు కూడా. పైన సిలావోస్ మసూర్ పప్పు దొరుకుతుంది, అక్కడే పండేది. ఆ పప్పూ అన్నం తిన్నాక నాకు ఇంకేం అక్కర్లేకపోయింది.

గేరు మార్చు

రిమ్ బ్రేకులు అన్నారు కదా ప్రసాద్ అన్నా, అక్కడే భయం నాకు. మాయిదో నుంచి దిగుతున్నాం, సామానుతో. రెండు వేల రెండు వందల మీటర్ల నుంచి తీరం దాకా దిగుడే. నేను బ్రేకు వదలకుండా పట్టుకునే దిగాను, అదే పొరపాటు. ల్ గియ్యోమ్ ఊరు చేరకముందే ముందు చక్రం ఢామ్మని పేలింది. రిమ్ ముట్టుకుంటే వేలు కాలింది. ఆ వేడికి ట్యూబ్ పోయింది. అదృష్టం బాగుండి మలుపులో కాదు. తర్వాత నేర్చుకున్నదేంటంటే, మలుపు ముందు గట్టిగా కొట్టి వదిలేయాలి, ముందూ వెనకా మార్చి మార్చి వాడాలి, ప్రతి పావుగంటకీ ఆగి రిమ్ చల్లారనివ్వాలి. జెరానియం నూనె తీసే చోట్లు దారిలో ఉన్నాయి, ఆగడానికి మంచి సాకు.

మాయిదోకి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. తొమ్మిదీ పదికల్లా మబ్బు వచ్చి మాఫాత్ మొత్తం తెల్లగా కప్పేస్తుంది. అంత కష్టపడి ఎక్కి దూదిని చూసి రావాలి.

ఘాట్ రోడ్ గిరి

@నెమ్మది చక్రం, మీరు చెప్పిన వేళ్ళ లెక్కకి నేను సగమే ఒప్పుకుంటాను. చుట్టు తిరగకపోతే సాన్ ఫిలిప్, సాంత్ రోజ్ మధ్య లావా రోడ్డు పోతుంది, అది వదులుకునేది కాదు. ఎక్కడికక్కడ బోర్డులు, ఈ ప్రవాహం ఏ ఏడాదిదో రాసి ఉంటుంది. పాతదాని మీద చెట్లు, కొంచెం కొత్తదాని మీద ఫెర్న్ మొక్కలు, 2007 ఏప్రిల్‌ది మాత్రం ఇంకా నల్లగా గరుగ్గా. అప్పుడు రోడ్డునే మింగేసింది, దాని మీద మళ్ళీ వేశారు. సాంత్ రోజ్ దగ్గర 1977లో లావా చర్చి గుమ్మం దాకా వచ్చి, చుట్టూ పారి ఆగిపోయింది. మెట్ల పక్కన గడ్డకట్టిన రాయి ఇప్పటికీ అలాగే ఉంది.

సముద్రమట్టం

సాన్ బెన్వా నుంచి ఎక్కేవాళ్ళకి ఒక మాట. దీవిని అడ్డంగా దాటే మధ్య రోడ్డులో బెల్‌వ్యూ కనుమ 1,606 మీటర్లు. ప్లెన్ దే పాల్మిస్త్ దాకా ఫర్వాలేదు, ఆ తర్వాత హెయిర్‌పిన్‌లు, పైగా తూర్పు వైపు వాన ఎప్పుడు పడుతుందో తెలీదు. నేను వెళ్ళిన రోజు కనుమ ఇవతల రెయిన్‌కోటు, అవతల ఎండ. సలాజీ లోయ కూడా తడి దారే. ఒకచోట జలపాతం తిన్నగా రోడ్డు మీదికే చిందుతుంది. స్నానం ఫ్రీ.

తెలుగు తొక్కుడు

దారి సంగతి అందరూ చెప్పారు, నేను తిండి చెప్తాను. రోడ్డు పక్కన కామ్యోఁ బార్ అని తినుబండారాల వ్యాన్లు ఉంటాయి. బోంబోఁ పిమాఁ అడగండి, నానబెట్టిన గింజలు రుబ్బి మిరపకాయ వేసి వేయించినవి, మన వడకి చెల్లెలు. ఒక గెస్ట్‌హౌస్‌లో ఆకుకూర వడ్డించి బ్రెద్ మురుంగ్ అన్నారు. నోట్లో పెట్టుకోగానే మునగాకు! కరివేపాకుని కలుపిలే అంటారు. 1828లో కూలికి ఈ దీవికి వచ్చిన తొలి భారతీయ బృందం యానాం నుంచే బయల్దేరింది, అందుకేనేమో అంత దగ్గరగా అనిపించింది.

ఆదివారం తీరం రోడ్డు, చెట్ల నీడలూ అన్నీ పిక్నిక్ కుటుంబాలవే. పెద్ద పెద్ద గిన్నెలతో సహా వస్తారు. ఆ రోజు కొండ ఎక్కడం పెట్టుకోకండి, ట్రాఫిక్ చంపేస్తుంది. సముద్రంలో ఈత మాత్రం ఎర్మితాజ్ లాంటి, పగడపు దిబ్బ కాపాడే లగూన్‌లోనే. షార్కుల వల్ల బయట ఈతకి 2013 నుంచి ఆంక్షలున్నాయి.

ప్యానియర్ ప్రసాద్

అందరికీ థాంక్స్. వెళ్ళొచ్చాం, అందుకే ఇన్నాళ్ళకి రాస్తున్నా.

గిరి గారి వైపు నుంచే తిరిగాం, నెమ్మది చక్రం గారు చెప్పినట్టు సామాను సాన్ పియేర్‌లో వదిలి పైకి పోయాం. సిలావోస్ అయింది. మాయిదో వదిలేశాం, గేరు మార్చు చెప్పిన కథ విని మా బావమరిది రానన్నాడు.

అగ్నిపర్వతం రెండు రోజులు చేశాం. మొదటి రోజు బూర్ మురాలో పడుకున్నాం. రెండో రోజు చీకట్లోనే లేస్తే నీళ్ళ సీసా పట్టుకోవడానికి గ్లవ్స్ కావాల్సి వచ్చింది. పచ్చిక బయళ్ళు, ఆవులు, తర్వాత ఒక్కసారిగా ఏమీ లేదు. దారిలో కొమ్మెర్సోఁ బిలం ఉంది. 2007 ఫిబ్రవరిలో మూడు రోజుల్లో అక్కడ 3,930 మిల్లీమీటర్ల వాన పడిందట. మాకు చుక్క పడలేదు. రోడ్డు కిందికి వంగగానే ప్లెన్ దే సాబ్ల్ కనిపించింది, ఎర్రటి బూడిద మైదానం, మధ్యలో మట్టిబాట. తారు లేదు. ఇస్త్రీ చెయ్యని చొక్కాలాగా అడ్డంగా మడతలు, గుంతలు. 38 టైర్లలో గాలి తగ్గించి, సీటు మీద కూర్చోకుండా తొక్కాం. నా బెల్ ఊడి ఎక్కడో పడిపోయింది, వెతకలేదు. కార్లు పక్కనుంచి పోతే ఆ దుమ్ము పళ్ళ మధ్య కరకరమంటుంది.

అగ్నిపర్వతం అంచు పా ద బెల్‌కోంబ్ చేరేసరికి తొమ్మిదీ ఇరవై. కింద ఫొర్మికా లెయో అనే చిన్న ఎర్ర దిబ్బ, దాని వెనక ఫుర్నేజ్ అగ్నిపర్వతం, పైన ఒక్క మబ్బు లేదు. పావుగంట చూశాం. తర్వాత కుడివైపు నుంచి మబ్బు పాకుతూ వచ్చి దిబ్బని మింగింది, తర్వాత మమ్మల్ని. బావమరిది సంచిలోంచి మిగిలిన బోంబోఁ పిమాఁ పొట్లం తీశాడు. చల్లారి గట్టిపడ్డాయి. నాలుగు ఉన్నాయి, తలా రెండు తిని దిగాం.