ఛాంబర్ మెంబర్‌షిప్ 1500 నుంచి 5000 చేశారు, శాలువాలకేనా లేక మనకేమన్నా పనికొస్తుందా?

చెప్పులషాపు_గోదారి
నాది గోదావరి జిల్లాలో ఒక మున్సిపల్ టౌన్, చెప్పుల షాపు, మా నాన్న పెట్టింది. ఊరి పేరు చెప్పను, చెప్తే రేపు పొద్దున్నే షాపుకొచ్చి కూర్చుంటారు. మా వర్తక సంఘం (ఛాంబర్) వాళ్లు ఈ ఏడాది మెంబర్‌షిప్ ఏకంగా 5000 చేశారు. ఎందుకండీ అంటే గవర్నమెంట్‌తో మాట్లాడాలి కదా, విజయవాడ తిరగాలి కదా, ఖర్చులుంటాయి కదా అన్నారు. తిరగండి, కాదన్లేదు. కానీ నేను చూసిందేంటంటే కొత్త కమిషనర్ వస్తే బొకే, ఎమ్మెల్యే గెలిస్తే శాలువా, మంత్రి మా ఊరి మీదుగా వెళ్తుంటే హైవే మీద ఆపి ఒక వినతిపత్రం, మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. అందులో ఏం రాశారండీ అంటే ఇచ్చినాయనకే గుర్తులేదు.

పోయిన నెల మా లైన్లో డ్రైనేజీకి తవ్వి ఇరవై రెండు రోజులు వదిలేశారు. గొయ్యి మీద చెక్క వేసి కస్టమర్లని చెయ్యి పట్టుకుని దాటించాను. ఒక పెద్దావిడ సగం దాకా వచ్చి "నీ చెప్పులొద్దు బాబూ, నా కాళ్లు మిగిలితే చాలు" అని వెనక్కి తిరిగిపోయింది. సంఘానికి ఫోన్ చేస్తే "లెటర్ పెట్టాం" అన్నారు. కట్టాలా వద్దా చెప్పండి.

కిరాణాకొట్టు_83
కట్టకు అన్నా. చెత్త పన్ను సంగతి గుర్తుందా? 2021లో ఏపీలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని పథకం పెట్టి ఇంటికింత షాపుకింత అని నెలనెలా వసూలు చేశారు. మా సంఘం దాని మీద ఎన్ని వినతిపత్రాలిచ్చిందో లెక్కే లేదు, ఒక్కటీ కదల్లేదు. ఎప్పుడు పోయింది? ప్రభుత్వం మారాక, 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో సీఎం రద్దు అన్నాక. అది ఓటు చేసిన పని, దాన్ని కూడా "మా కృషి ఫలితం" అని ఫ్లెక్సీ కట్టుకున్నారు మావాళ్లు.

వన్‌టౌన్_తానులు
మాది బెజవాడ, హోల్‌సేల్ బట్టలు. సంఘాలన్నీ దండగ అంటే ఒప్పుకోను. 2021 సెప్టెంబర్‌లో లక్నో మీటింగులో జీఎస్టీ కౌన్సిల్, అంటే కేంద్రం, రాష్ట్రాల మంత్రులు కూర్చుని రేట్లు తేల్చే చోటు, బట్టల మీద 5 శాతాన్ని 12 చెయ్యాలనుకుంది, 2022 జనవరి 1 నుంచి అమలు అని నవంబర్‌లో నోటిఫికేషన్ కూడా వచ్చేసింది. వెయ్యి రూపాయల చీర మీద పన్ను 50 నుంచి 120 అవుతుందన్నమాట, అదీ సంక్రాంతి సరుకు గోడౌన్లో ఉన్నప్పుడు. సూరత్ దగ్గర్నుంచి ఇక్కడిదాకా బట్టల సంఘాలన్నీ ఒకటే మాట మీద నిలబడ్డాయి, ఢిల్లీకి లెటర్లు, రాష్ట్రాల మీద ఒత్తిడి, కొన్నిచోట్ల షట్టర్లు దించేశారు. తెలంగాణ నుంచి కేటీఆర్ కేంద్రానికి లెటర్ రాశారు, గుజరాత్ కూడా వాయిదా వెయ్యమంది. డిసెంబర్ 31న, అంటే అమలుకి సరిగ్గా ముందు రోజు, కౌన్సిల్ కూర్చుని బట్టల వరకు ఆపేసింది. ఆ రాత్రి మా లైన్లో టపాసులు న్యూ ఇయర్‌కి అనుకున్నారు జనం. ఎలక్షన్లు దగ్గరున్నాయి కాబట్టి ఆగింది అంటారా, ఉండొచ్చు, కానీ అడిగేవాడు లేకపోతే ఎలక్షన్లున్నా ఎవడూ ఆపడు.

చెప్పులషాపు_గోదారి
మీరు బట్టల కథ చెప్పారు, అదే నోటిఫికేషన్లో మా చెప్పులు కూడా ఉన్నాయండీ. మావి ఆగలేదు. 399 జత మీద కూడా జనవరి 1 నుంచి 12 శాతం వేశాం. మళ్లీ 5కి వచ్చింది 2025 సెప్టెంబర్ 22న, అదీ కౌన్సిల్ మొత్తం స్లాబులే మార్చినప్పుడు. అప్పట్లో మా సంఘాన్ని అడిగితే "ఊళ్లో చెప్పుల షాపులెన్ని, పదకొండా" అన్నారు, అంతే. బట్టల షాపులు నూట యాభై పైనే, ప్రెసిడెంట్ కూడా బట్టలాయనే.

సిరిసిల్ల_సాంచెలు
బట్టల సేటన్నా, గా 2021 ముచ్చట మంచిగ చెప్పినవ్, మరి 2024 ముచ్చట చెప్పవేంది? చిన్న యూనిట్ల దగ్గర సరుకు కొంటే అగ్రిమెంట్ ఉంటే 45 రోజుల్ల, లేకుంటే 15 రోజుల్ల పైసలియ్యాలె, గట్ల ఇయ్యకుండ మార్చి ఆఖరుకు బాకీ పెడితే ఆ ఖర్చు ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్‌ల చూపెట్టుకోరాదు అని రూల్ వచ్చింది, 43బి(హెచ్). మాలాంటోళ్లకు మొదటిసారి జర ఊపిరి ఆడింది. గప్పుడు మీ సంఘాలేం చేసినయ్? దాన్నే వాయిదా వెయ్యుమని ఢిల్లీకి దరఖాస్తులు పెట్టినయ్. నాకు ఏడు నెలల బాకీ ఉన్న ఒక సేటు ఫోన్ చేసి "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేసుకో, లేకుంటే సరుకు వాపస్" అన్నడు (ఉద్యమ్ అంటే చిన్న యూనిట్ అని సర్కార్ల పేరు రాయించుకునుడు), రెండు బేళ్లు నిజంగనే వాపస్ పంపిండు, దారిల తడిసినయ్. సభ్యుల కోసం అంటరు, ఏ సభ్యుల కోసం? కొనేటోడూ అమ్మేటోడూ ఒక్క సంఘంల ఉంటే ఎవలి కుర్సీ పెద్దగుంటే వాళ్ల కాయిదమే ఢిల్లీ పోతది.

వన్‌టౌన్_తానులు
తమ్ముడూ కోపం న్యాయమే. మా వైపు కూడా విను. రిటైలర్ నాకిచ్చేది పెళ్లిళ్ల సీజన్ అయ్యాక, తొంభై రోజులంటే బుద్ధిమంతుడు అంటాం వాణ్ని. ట్రేడర్లకి 2021 జులైలో ఉద్యమ్ ఇచ్చారు గానీ బ్యాంకు లోన్ల వరకే, బాకీల రక్షణ మాకు రాదు. అంటే నేను నీకు 45 రోజుల్లో కట్టాలి, నాకు మాత్రం వాడి దయ. మాకూ అదే రక్షణ ఇవ్వండి అని అడగాల్సింది, దాని బదులు రూలే ఆపండి అన్నారు మావాళ్లు. ఆ కాయితం మీద నేనూ సంతకం పెట్టాను.

మాజీ_సెక్రటరీ
ఆరేళ్లు ఒక ఊరి ఛాంబర్‌లో సెక్రటరీగా చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తా. శాలువా గేటు టికెట్టు, అది లేకుండా లోపలికి వెళ్లలేవు, కానీ టికెట్టు కొని సినిమా చూడకుండా వచ్చేస్తారు మనవాళ్లు. ఇంకో తప్పు, ఏ కాయితం ఎవరికివ్వాలో తెలీదు. జీఎస్టీ రేటు తగ్గించమని మున్సిపల్ కమిషనర్‌కి వినతిపత్రం ఇచ్చినవాళ్లని నేను కళ్లారా చూశాను, ఆయన పాపం సంతకం పెట్టి తీసుకున్నాడు. మేమేం తక్కువ తిన్లేదు లెండి. 2022లో ఏపీలో షాపులకీ ఫ్యాక్టరీలకీ కరెంటు డ్యూటీ యూనిట్‌కి 6 పైసల నుంచి ఏకంగా రూపాయి చేశారు, మేం ఆవేశంగా విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లి, డ్యూటీ మా చేతిలో ఉండదు, అది సర్కారు వేసే పన్ను అనిపించుకుని వచ్చాం.

అక్కడే ఒకటి నేర్చుకున్నా. డ్యూటీ కాదు గానీ రేట్లు మాత్రం మండలి చేతిలోవే. ప్రతి ఏడూ డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, రాబోయే ఏడాది రేట్ల ప్రతిపాదనలు మండలికి పెడతాయి, పేపర్లో నోటీసు వేస్తాయి, 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, హియరింగ్‌లో మాట్లాడొచ్చు. అందం ఏంటంటే ఆర్డర్లో మన అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి ఏమంది, మూడూ అచ్చవుతాయి. మంత్రి గారి కారు డిక్కీలోకి వెళ్లిన వినతిపత్రానికి ఈ భాగ్యం లేదు. రెండోసారి నలభై షాపుల దగ్గర పన్నెండు నెలల బిల్లులు తీసుకుని, ఐస్ ఫ్యాక్టరీ ఆయనది వేరేగా, టైలరు షాపుది వేరేగా టేబుల్ వేసి పంపాం. అడిగిందంతా ఇవ్వలేదు, ఎవరిస్తారు, కానీ మేం ఫిక్స్‌డ్ ఛార్జీల మీద రాసిన ప్రతి పాయింటుకీ డిస్కం జవాబు రాయాల్సొచ్చింది. దానికైన ఖర్చు జిరాక్సులు, బస్సు చార్జీలు. 5000 ఎందుకో ముందు మీ వాళ్లని లెక్క అడగండి.

ఖమ్మం_బజార్
అంత మంచిగనే ఉంది సార్, కానీ బిల్లులు తీసుడు ఎవలికోసం అన్నదే అసలు ముచ్చట. ఏపీల సరుకుల దుకాణానికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ వద్దు, మా తెలంగాణల 20 లక్షలే. బార్డర్ దాటితే నా అసుంటి దుకాణపాయనకు రిటర్నులు లేవు, ఆడిటర్ ఫీజు లేదు. మా సంఘంల రెండుసార్లు లేపిన ఈ మాట. కోట్ల టర్నోవర్ ఉన్నోళ్లకు 20 అయితేంది 40 అయితేంది, చాయ్ తాగుండ్రి అన్నరు.

కిరాణాకొట్టు_83
చాయ్ అన్నా పోశారు, మా సంఘంలో అదీ లేదు 😄

చెప్పులషాపు_గోదారి
నిన్న సంఘం ఆఫీసుకి వెళ్లి సెక్రటరీ గారు చెప్పినట్టే లెక్క అడిగాను. 5000లో నాలుగు వేలు పైచిలుకు శాలువాలు బొకేలు, కారు కిరాయిలు, ఫ్లెక్సీలు, మిగతాది బిల్డింగు ఫండ్ అన్నారు. డ్రైనేజీ లెటర్ కాపీ అడిగితే ఫైల్లో దొరకలేదు. సరే గొడవెందుకని, పాత 1500 కట్టి రసీదు తీసుకున్నా, మిగతా 3500 కరెంటు బిల్లుల పని నిజంగా మొదలెడితే ఇస్తానన్నా. "అయితే నువ్వే చూసుకో" అన్నారు, ఇలా అంటారని అనుకోలేదు. రాత్రి గ్రూపులో పన్నెండు నెలల కరెంటు బిల్లులు పంపండని మెసేజ్ పెట్టాను. రెండొందల పన్నెండు మంది మెంబర్లు, ఇప్పటికి ముగ్గురు పంపారు, అందులో ఒకాయన బిల్లులో యూనిట్ల దగ్గరే వేలు అడ్డం పెట్టి ఫోటో తీశాడు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన మాత్రం "రేపు నువ్వే రా, ఫైలుంది" అన్నాడు. వెళ్తున్నా.