పెరట్లో రూబార్బ్ తెగ కాసేసింది, క్రంబుల్ తప్ప ఇంకేం చేసుకోవచ్చు?

వేక్‌ఫీల్డ్_పెరడు:
నమస్తే అండీ. పోయిన నవంబర్లో ఇక్కడ ఇంగ్లండ్‌లో, వేక్‌ఫీల్డ్‌లో ఇల్లు కొనుక్కుని దిగాం. వెనకాల కంచె పక్కన ఉత్త మట్టే అనుకున్న చోట ఫిబ్రవరి చివర్లో ఎర్రటి మొగ్గలు నేలని పొడుచుకుని పైకొచ్చాయి, ఏదో పూలమొక్కేమోలే అని వదిలేశా, మే వచ్చేసరికి ఒక్కో ఆకు చేమాకుకి రెండింతలు, కింద కాడలు నా బొటనవేలంత లావు. అలాంటి దుబ్బులు నాలుగు. పక్కింటి పెద్దాయన చూసి రూబార్బ్ ఇది, మా ఊరికి పేరొచ్చిందే దీంతో అని నవ్వాడు (వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాథ్‌వెల్ మధ్య భాగాన్ని రూబార్బ్ ట్రయాంగిల్ అంటారట, చలికాలంలో చీకటి షెడ్లలో పెంచి కొవ్వొత్తి వెలుతురులో కాడలు లాగుతారట). మొదటి వారం క్రంబుల్ (ముక్కల మీద పిండి, వెన్న, పంచదార కలిపిన పొడి చల్లి ఓవెన్లో కాల్చే తీపి) చేశా, రెండో వారం క్రంబుల్, మూడో వారం మా ఆయన గిన్నె చూసి ఏమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నారు. మొన్న ఆదివారం ఒక్కరోజే నాలుగు కిలోలు. మా అమ్మ వచ్చి ఉంది, కాడ కొరికి చూసి అచ్చం గోంగూర పులుపే అంది, ఇప్పుడు ఆకులు కూడా పప్పులో వేస్తానని కూర్చుంది, ఇంత లేత ఆకు పారేస్తావేంటే అని నన్ను తిడుతోంది. ఆకులు తినొచ్చా? ఇంకోటి, నిలవ పచ్చడి ఎవరైనా పెట్టారా? ముక్కలు కోసి ఆవకాయలాగా ఒక చిన్న సీసా కలిపా, మూడో రోజుకి కారం నీళ్ళల్లో పీచు తేలుతోంది.

గుంటూరు_కారం_బర్మింగ్‌హామ్:
ముందు అమ్మగారి చేతిలో ఆకులు లాగేయండి, మిగతాది తర్వాత. ఆకు విషం అండీ, ఆక్సాలిక్ యాసిడ్ చాలా ఎక్కువ, ఉడకబెడితే పోతుందనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కూరగాయలకి కరువొచ్చి ఈ దేశంలోనే ఆకులు కూడా వండుకోమని చెప్తే జనం మంచాన పడ్డారు, పోయినవాళ్ళూ ఉన్నారు. ఆకు అంటిన పైకొస కూడా కాస్త కిందకే కోసి తీసేయండి. కంపోస్ట్‌లో మాత్రం వేసుకోవచ్చు.

మీ ఆవకాయ ఎందుకు పోయిందంటే కాడలో నూటికి తొంభై పైన నీళ్ళే. మామిడికాయ ముక్కకి టెంక పట్టు ఉంటుంది, దీనికేముంది, ఉప్పు తగలగానే నీరు వదిలేస్తుంది. టమాటా నిలవ పచ్చడి దారిలో వెళ్ళండి. కిలో కాడలు కడిగి, బట్టతో తడి లేకుండా తుడిచి, అంగుళం ముక్కలు కోసి స్టీలు గిన్నెలో సన్నసెగ మీద పెట్టండి. అల్యూమినియం గిన్నె, ఇనప మూకుడు వద్దు, పులుపుకి అదో రకం వాసన వస్తుంది, నేను ఒకసారి ఇనప మూకుట్లో చేసి మొత్తం పారబోశా. నీళ్ళు పోయక్కర్లేదు, పది నిమిషాల్లో అదే జావ అయిపోతుంది, అసలు పని అక్కణ్ణుంచి మొదలు. ముప్పావుగంట దాకా కలుపుతూనే ఉండాలి, గరిటెతో ఒక గీత గీస్తే గిన్నె అడుగు కనపడి మళ్ళీ మూసుకోకూడదు. అప్పుడు దించి చల్లారాక 60 గ్రాముల ఉప్పు, 80 గ్రాముల కారం, రెండు చెంచాల ఆవపిండి, ఒక చెంచా వేయించిన మెంతిపిండి, గుప్పెడు వెల్లుల్లి. 200 గ్రాముల నువ్వుల నూనెలో ఇంగువ తాలింపు. ఫ్రిజ్‌లోనే పెట్టండి, బయట పెట్టి ధైర్యం చేయొద్దు. మా ఇంట్లో రెండు నెలలుంది, ఆ తర్వాత సీసా ఖాళీ.

పప్పుకైతే కందిపప్పుతో కలిపి కుక్కర్లో పడేయకండి, పులుపు తగిలితే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. కాడలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేరే గిన్నెలో ఉడికించి తర్వాత కలపండి. చింతపండు వేయొద్దు.

లీడ్స్_అక్క:
తొక్కు మంచిగుంటది గానీ నాలుగు కిలోలు పొయ్యి దగ్గర నిలబడి ఎవరు కలపాలె. నేనైతే ఫ్రీజర్లో వేస్తా. కడిగి, తుడిచి, ముక్కలు ట్రే మీద ఒకదానికొకటి అంటకుండా పరిచి ఒక రాత్రి గడ్డకట్టినంక సంచిల పోస్తే చాలు, ముందుగాల ఉడకబెట్టుడు ఏం లేదు. చలికాలంల చారుకు గుప్పెడు ముక్కలు, చింతపండు నానబెట్టే పని తప్పుతది. ఇంకో సగం పులిహోర గుజ్జు చేసి ఐస్ ట్రేలల్ల పోస్తా. గింజలు, పసుపు, మిరపకాయలు అప్పటికప్పుడు పోపేసుకోవాలె.

ఒక మాట, కాడలు కత్తితో కోస్తున్నరా? కోయొద్దు, మొదట్ల పట్టుకొని మెలిపెట్టి గుంజాలె, కోసిన మోడు కుళ్ళిపోతది. దుబ్బుకు సగం కాడలన్న ఉంచాలె, జూన్ చివరికి గుంజుడు బంద్ పెట్టాలె, అప్పటిసంది అది వచ్చే ఏడాదికి బలం దాచుకుంటది. మధ్యల లావుగ పూల కాడ లేస్తే వెంటనే తీసెయ్.

మిన్నెసోటా_బాబాయ్:
జామ్ ఎవరూ చెప్పలేదేంటి. కిలోకి కిలో పంచదార, అల్లం తురుము, రెండు నిమ్మకాయల రసం, రాత్రంతా మూతపెట్టి వదిలేస్తే పొద్దున్నకి పంచదార అంతా పాకంలా కరిగి ఉంటుంది, అప్పుడు పొయ్యి మీద పెట్టి ఉడికించండి. దీంట్లో పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచే పదార్థం) తక్కువ కాబట్టి నిమ్మరసం మానేస్తే బిగుసుకోదు. ఫ్రీజర్లో పెట్టిన ప్లేటు మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడాలి, అప్పుడు దించండి. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్ళ గొడవ ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే, కాడలోనూ ఆక్సలేట్ తక్కువేం కాదు.

వేక్‌ఫీల్డ్_పెరడు:
అందరికీ థాంక్స్. ఆకులు కంపోస్ట్ డబ్బాలో వేసేశాం, అమ్మ రెండు రోజులు దానివంక చూస్తూనే ఉంది. పచ్చడి నిన్న పెట్టా, కిలో ముక్కలు చివరికి చిన్న గిన్నెడు అయ్యాయి, రంగు మాత్రం గోంగూరలా నల్లబడకుండా ఇటుకపొడిలా వచ్చింది. అమ్మ వేడన్నంలో ముద్ద తిని బాగానే ఉంది గానీ మెంతిపిండి ఒక పిసరు ఎక్కువైంది అంది. ఆ మెంతిపిండి వేసింది ఆవిడే. బాబాయ్ గారూ, మా ఆయనకి నాలుగేళ్ళ క్రితం రాయి పడింది, ఆయన పెరుగన్నంతోనే సరిపెడతాం. అక్కా, ఒక దుబ్బులో పూల కాడ ఆల్రెడీ నడుమెత్తు లేచింది, ఇప్పుడు తీసినా ఫర్వాలేదా?

లీడ్స్_అక్క:
ఇయ్యాలే తీసెయ్.