కోడలి తరపు ఐర్లాండ్ పెద్దలు, ఊరు ఎలా కనుక్కోవాలి?

శ్రీకాకుళం: మా కోడలిది లివర్‌పూల్ అండి, వాళ్ళ పెద్దలు 1850ల్లో ఐర్లాండ్ నుంచి వచ్చేరట, మనోళ్ళు బర్మా వెళ్ళినట్టే, ఇంగ్లండ్ సెన్సస్‌లో చూస్తే పుట్టిన చోటు ఉట్టి ఐర్లాండ్ అనే ఉంది, ఇప్పుడేటి చెయ్యాలి?

విజయనగరం: లివర్‌పూల్ కేథలిక్ చర్చి పెళ్ళి రిజిస్టర్లు చూడండి, ఒక్కోసారి సొంతూరు ఉంటాది. ఊరు దొరికితే నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లాండ్ సైట్‌లో కేథలిక్ పారిష్ (ఒక చర్చి పరిధి) రిజిస్టర్లు దాదాపు 1880 దాకా ఫ్రీ. పేర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ అంటే జాకోబస్ అన్నమాట. బర్త్ సర్టిఫికెట్ కోసం తిరక్కండి, అక్కడ అందరికీ రిజిస్ట్రేషన్ మొదలైందే 1864లో.

రాజాం: 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి పాత రికార్డులన్నీ కాలిపోయాయి కదా గురూ?

విజయనగరం: అన్నీ కాదు బాబూ, పాత సెన్సస్‌లు, ప్రొటెస్టెంట్ రిజిస్టర్లు చాలా పోయాయి. కేథలిక్‌వి చర్చిల్లోనే ఉండబట్టి మిగిలేయి. శ్రీకాకుళం గారూ, బాప్టిజం సాక్షుల పేర్లు కూడా రాసుకోండి, తరచూ చుట్టాలే.