పైలట్ ప్లాంటు లెక్కతో పెద్ద ప్లాంటుకు అనుమతి ఇవ్వొచ్చా?

గట్టుమీద: గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) లాంటి కొత్త టెక్నాలజీకి పర్యావరణ ప్రభావ నివేదిక రాసేటప్పుడు చేతిలో ఉండేది ప్రయోగంగా నడిపే చిన్న పైలట్ ప్లాంటు డేటానే. దాన్ని వందల రెట్లు హెచ్చవేసి పెద్ద ప్లాంటు లెక్క తేల్చేస్తున్నారు. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీరని ఎక్కడ చూసినా ఒకటే అంకె. అది చాలదని నేనంటాను.

కొలిమి: 9 లీటర్లు ఒకరి అభిప్రాయం కాదు, కెమిస్ట్రీ. 18 గ్రాముల నీటికి 2 గ్రాముల హైడ్రోజన్. అదే సహజవాయువు నుంచి తీస్తే కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. దాన్ని ఎవరూ అడగరు. కొత్తది రాగానే అందరికీ పర్యావరణం గుర్తొస్తుంది.

గట్టుమీద: 9 అనేది ఎలక్ట్రోలైజర్ (నీటిని విడగొట్టే యంత్రం) లోపలికి వెళ్లే శుద్ధమైన నీరు. శుద్ధి చేయడానికి తోడే ముడినీరు, కూలింగ్ టవర్‌లో ఆవిరయ్యేది కలిపితే 20 దాటొచ్చు.

కొలిమి: గాలితో చల్లబరిస్తే కూలింగ్ నీళ్లే అక్కర్లేదు. ఏ డిజైనో చెప్పకుండా అంకె విసరకండి.

చిన్నక్క: నీళ్ల దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. కిలోకు 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. పాత పద్ధతికి ఐదు రెట్లు!

కొలిమి: అందుకే కదా చిన్నక్క గారూ, సోలార్‌తోనో గాలిమరలతోనో నడపమనేది. గట్టుమీద గారు ఇంకా డిజైను చెప్పలేదు.

చిన్నక్క: ఎండా గాలీ లేని రాత్రి ప్లాంటు ఆపుతారా, గ్రిడ్ నుంచి లాగుతారా? నివేదికలో అది రాయాలి.

గట్టుమీద: డిజైను సంగతి వదిలేయండి, కళ్లతో చూసింది చెప్తాను. నాలుగేళ్లు శాంపిళ్లు తీసే పని చేశాను. ఒక ప్లాంటులో ఆర్వో నుంచి వదిలేసిన నీళ్లు పోయే కాలవ అంచున తెల్లగా ఉప్పు పేరుకునేది. గోరుతో గీకితే పెచ్చులుగా ఊడేది. పెద్ద వాన పడ్డ మర్నాడు శాంపిల్ తీయమన్నారు. ఉప్పు తక్కువే వచ్చింది, రాదా మరి! వేసవిలో మళ్లీ తీయాలని రాశాను. నివేదికలో ఆ వాక్యం లేదు, కింద సంతకం మాత్రం నాది.

కొలిమి: అది ఎవరో చేసిన మోసం, పద్ధతి తప్పు కాదు. నా సంగతీ వినండి. మా చిన్న యూనిట్‌లో ఫర్నేస్ ఆయిల్ బాయిలర్ తీసేసి హీట్ పంపు పెట్టడానికి దరఖాస్తు చేశాం. ఇంకో రిపోర్టు, ఇంకో రిపోర్టు అంటూ రెండేళ్లు తిప్పారు. అన్నాళ్లూ పాత బాయిలరే నడిచింది. పొద్దున్నే వెలిగిస్తే చుట్టుపక్కల ఆరేసిన బట్టల మీద మసి పడేది. దానికి ఒక్క కాగితం అడిగినవాడు లేడు.

పాతకాపు: ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం వాడిన సీఎఫ్‌సీ వాయువులనే చూడండి. 1928లో కనిపెట్టినప్పుడు విషం కాదు, మంట అంటుకోదు అన్నారు. రెండూ నిజమే. అంతకుముందు వాడిన సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లీకైతే ప్రాణాలు పోయేవి. అవి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయన్న మాట 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఎత్తారు. వాటిని తగ్గించే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది. బదులుగా తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు భూమిని వేడెక్కిస్తున్నాయని 2016లో రువాండాలోని కిగాలీలో వాటినీ తగ్గించాలనుకున్నారు. మొదట్లో మోసమేమీ లేదు, ఆ ప్రశ్నే ఎవరికీ తట్టలేదు.

కొలిమి: అంటే 1928లో ఆపేసి ఉండాల్సిందా?

పాతకాపు: ఆపమనలేదు. ప్లాంటు నడిచినన్నాళ్లూ కొలవమంటున్నాను.

గట్టుమీద: "ఎవరో చేసిన మోసం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు! అంచనా తప్పితే మీరు డిజైను మార్చుకుంటారు. ఆ కాలవ కింద పొలం ఉన్నవాడు ఏం మార్చుకోవాలి?

కొలిమి: నన్ను దొంగను చేయొద్దు. కాలవ దగ్గర రాత్రీపగలూ నడిచే మీటరు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

చిన్నక్క: ఆ అంకెలు ఎవరికి కనిపిస్తాయి?

కొలిమి: అధికారులకు.

గట్టుమీద: పొలం వాడికి?

కొలిమి: ఒక్కరోజు రీడింగ్ పెరిగితే అందరూ వచ్చి గేటు ముందు కూర్చుంటారు. అర్థం చేసుకోగలిగినవాళ్ల చేతిలోనే ఉండాలి.

గట్టుమీద: ఉప్పు నీళ్లు పారితే అందరికంటే ముందు అర్థమయ్యేది అతనికేనండీ. ఈ మాట మొదటే అని ఉంటే లీటర్ల మీద ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు.

కొలిమి: 9 లీటర్లు ఇప్పటికీ కరెక్టే. రీడింగులు బయటపెట్టడం గురించి ఆలోచిస్తాను, ఒప్పుకున్నానని మాత్రం రాయకండి.