తెల్లకణాలు, సీఆర్‌పీ నార్మల్ వస్తే అపెండిసైటిస్ కానట్టేనా?

ప్రశ్న:
మా చెల్లికి 19 ఏళ్లు. నిన్న రాత్రి 11 గంటలప్పుడు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది. ఒకసారి వాంతి చేసుకుంది, ఏం పెట్టినా వద్దంటోంది. జ్వరం లేదు. పొద్దున 6కి ఎమర్జెన్సీలో రక్తం తీశారు. తెల్లకణాలు 9,400, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) 4. రెండూ నార్మలే. అయినా ఇంటికి పంపట్లేదు, సాయంత్రం మళ్లీ రక్తం తీస్తారట. రిపోర్టు బాగుంటే మళ్లీ గుచ్చడం దేనికి? అమ్మేమో ఇది 24 గంటల నొప్పేనని, అంటే అపెండిసైటిసేనని ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు 1:
నేను సర్జరీ విభాగంలో పనిచేస్తానండి. దయచేసి ఆసుపత్రి వదిలి వెళ్లకండి. మీ డాక్టర్ గారు చేస్తున్నది సరైన పనే.

ముందు టైమ్ చూడండి. రాత్రి 11కి నొప్పి, పొద్దున 6కి రక్తం, అంటే 7 గంటలే. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. వాపు మొదలయ్యాక అది రక్తంలో పెరగడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది, బాగా ఎక్కేది రెండో రోజుకి. ఇంత తొందరగా తీసిన రక్తంలో 4 ఉందంటే దానికి పెద్ద అర్థం లేదు. సాయంత్రం ఎంతకి చేరిందన్నదే అసలు సమాచారం. అందుకే రెండోసారి తీసేది.

ఇంకో మాట. 1986లో అల్వరాడో అనే సర్జన్ ఒక స్కోరు తయారుచేశారు, ఇప్పటికీ వాడుతున్నాం. మొత్తం 10 మార్కుల్లో రక్తానివి 3 మాత్రమే. తెల్లకణాలు 10,000 దాటితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 75 శాతం మించితే 1. మిగతా 7 మార్కులూ నొప్పి తీరు, వాంతి, జ్వరం, పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసేవే. నొప్పి కుడివైపుకి మారడం, తినబుద్ధి కాకపోవడం, వాంతి: మీరు రాసిన వాటికే 3 వచ్చాయి.

జవాబు 2:
ల్యాబ్‌లో చేస్తాను. అందరూ మొత్తం కౌంట్ చూసి కాగితం మడిచేస్తారు. దాని కింద డిఫరెన్షియల్ కౌంట్ అని, ఏ రకం తెల్లకణాలు ఎంత శాతమో ఉంటుంది, అందులో న్యూట్రోఫిల్స్ ఎంతో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
81 శాతం అని ఉంది, పక్కన హెచ్ (ఎక్కువ) అని కూడా వేశారు. మేమెవరం గమనించలేదు. పొట్ట నొక్కినప్పటికంటే డాక్టర్ గారు చెయ్యి చటుక్కున తీసినప్పుడు గట్టిగా అరిచింది.

జవాబు 1:
కుడివైపు కింద నొక్కితే నొప్పికి 2, చెయ్యి తీసినప్పటి నొప్పికి 1, న్యూట్రోఫిల్స్‌కి 1. మొత్తం 7. కౌంట్ 9,400 ఉండగానే 7 వచ్చింది చూశారా? 7, ఆపైన వస్తే అపెండిసైటిస్ అయ్యే అవకాశం గట్టిగా ఉందని లెక్క. స్కోరే నిర్ధారణ కాదు, అది వేయాల్సింది పరీక్షించిన డాక్టరే. కానీ ఇంటికి పంపే కేసు మాత్రం కాదు.

ఆడపిల్ల కాబట్టి అండాశయం మెలిపడినా ఇలాంటి నొప్పే వస్తుంది. మూత్రంలో గర్భ పరీక్ష, అల్ట్రాసౌండ్ అడిగితే అపార్థం చేసుకోకండి, ఈ వయసులో ఎవరికైనా చేస్తాం. మూత్రంలో కాస్త చీముకణాలు కనిపించాయని ఇన్ఫెక్షనేలే అని తేల్చేయకూడదు. వాచిన అపెండిక్స్ మూత్రనాళానికి ఆనుకుని ఉన్నా అవి వస్తాయి.

జవాబు 3:
దీనికి ఉల్టా కూడా ఉందండి. గర్భిణులకు తెల్లకణాలు మామూలుగానే ఎక్కువుంటాయి, కౌంట్ ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. పెద్దవయసువాళ్లలో అపెండిక్స్ పగిలినా కౌంట్ అంతగా పెరగకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నొప్పికి ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. జబ్బు కనపడకుండా పోతుందేమోనని అమ్మ వద్దంటోంది.

జవాబు 1:
ఇవ్వనివ్వండి. నొప్పి తగ్గిస్తే రోగం దాగిపోతుందన్నది పాతకాలం భయం. పిల్ల కాస్త తేరుకుంటే పొట్ట పరీక్ష ఇంకా బాగా చేయొచ్చు. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి డాక్టర్ గారు చెప్పేదాకా మంచినీళ్లు కూడా పట్టకండి. నొప్పి ఒక్కసారిగా తగ్గి, తర్వాత పొట్టంతా పాకినా, చలిజ్వరం వచ్చినా సాయంత్రం దాకా ఆగొద్దు, వెంటనే నర్సుకి చెప్పండి.